కొండ మీది వారి హాజరు ఎవరు తీస్తారు?

2014లో బక్రీదు అక్టోబరు 6న వచ్చింది. సోమవారం. ఖుర్బానీ మాంసం పంపకాలు ముగిసి, ఊరెళ్లిన బంధువులు క్షేమంగా చేరామని కబురు పంపి ఇంకా వారం కాలేదు. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర పెనుతుపాను తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. విమానాశ్రయం పైకప్పు చిరిగిపోయింది. వాతావరణ శాఖ రాడార్ కూడా పనిచేయకుండా పోయింది. ఆ తుపాను పేరు హుద్‌హుద్.

ఈ పేరు రేడియోలో విన్నప్పుడు మన ఇళ్లలో పెద్దవారు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఉంటారు. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పుట్టే తుపానులకు చుట్టుపక్కల దేశాలు ముందుగానే పేర్లు ఇచ్చిపెడతాయి. ఈ పేరు ఒమన్ ఇచ్చినది. హుద్‌హుద్ అంటే తలమీద కిరీటం లాంటి కుచ్చు ఉండే చిన్న పక్షి. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గాథలో, ఖుర్ఆన్‌లోని నమల్ సూరాలో కనిపించే పక్షి అదే. అంత మంచి పక్షి పేరు ఇంత చెడ్డ గాలికా అని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిన పని లేదనుకుంటాను. ఆ గాథను జాగ్రత్తగా గుర్తు చేసుకుంటే, ఆ తుపాను మనకు ఏం చూపించిందో అర్థం చేసుకోవడానికి అది చక్కగా ఉపయోగపడుతుంది.

సులైమాన్ ప్రవక్త సైన్యంలో మనుషులున్నారు, జిన్నాతులున్నారు, పక్షులున్నాయి. ఒకరోజు ఆయన పక్షుల హాజరు చూశారు. అన్ని పక్షుల మధ్య ఒక్క చిన్న పిట్ట లేకపోవడం ఆయన కంటపడింది. హుద్‌హుద్ ఏదీ అని అడిగారు. అది తర్వాత సబా దేశం నుంచి రూఢి అయిన వార్తతో తిరిగి రావడం, ఆ దేశపు రాణి కథ, అవన్నీ మనకు తెలిసినవే. మనం తొందరలో దాటిపోయేది ముందున్న ఆ చిన్న ఘట్టాన్నే. అంతటి చక్రవర్తి, అంతటి సైన్యంలో, రానివారు ఎవరా అని చూశారు. వచ్చినవారిని లెక్కపెట్టడం సులభం. రానివారిని లెక్కపెట్టాలంటే వారు ఉన్నారని ముందే తెలిసి ఉండాలి.

మరి ఆ ఆదివారం సాయంత్రం అరకులోయ మీద, అనంతగిరి మీద, హుకుంపేట, పెదబయలు కొండల మీద హాజరు ఎవరు తీశారు?

తుపాను అంటే సముద్రమేనా?

మన తెలుగువారి మనసులో తుపాను అంటే తీరం. అందుకు కారణం ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారుల లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. ఆ దుఃఖం నుంచి ప్రభుత్వాలు కొంత నేర్చుకున్నాయి. తీరం పొడవునా తుపాను రక్షిత భవనాలు లేచాయి. పల్లెకారుల గ్రామాల్లో ముందుగా దండోరా వేయడం, లారీలు పెట్టి జనాన్ని తరలించడం అలవాటయ్యాయి. ఒడిశాలో 1999 అక్టోబరు పెనుతుపాను సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. అదే ఒడిశాలో 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ వచ్చినప్పుడు మన తీరంలోనూ లక్షమందికి పైగా జనాన్ని సురక్షిత ప్రదేశాలకు చేర్చారు. ఈ పని చేసినవారికి ధన్యవాదాలు చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

కానీ గాలికి తీరం దగ్గర ఆగాలని నియమమేమీ లేదు. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. తుపాను తీరం దాటి వాయవ్యంగా కదిలితే దాని దారిలో మొదట ఎదురయ్యేవి తూర్పు కనుమలే. సముద్ర మట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఆ కొండల మీద అడ్డేమీ లేదు. హుద్‌హుద్ అక్కడితోనూ ఆగలేదు. బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ దాటి హిమాలయాలను తాకింది. రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల మీద దాని తేమే మంచు తుపానై కురిసింది. కాలినడకన వెళుతున్న యాత్రికులు, వారికి దారి చూపేవారు, పశువులు కాసుకునేవారు కలిసి నలభై మందికి పైగా అక్కడ మరణించారు. బంగాళాఖాతంలో లేచిన గాలి అంత ఎత్తున ప్రాణాలు తీస్తుందని వారిలో ఎవరూ అనుకొని ఉండరు.

అరకులో ముందుగా పడినవి సిల్వర్ ఓక్ చెట్లు. కాఫీ మొక్కకు నీడ కావాలి. ఆ నీడకోసం నిటారుగా పెరిగే సిల్వర్ ఓక్ వేస్తారు, దాని మొదలుకు మిరియం తీగ పాకిస్తారు. ఒక్క చెట్టులో మూడు ఆదాయాలు. ఎత్తుగా, తిన్నగా పెరిగే చెట్టు పెనుగాలికి నిలవదు. అది పడితే ఊరికే పడదు, కింది కాఫీ మొక్కల మీద పడుతుంది. అక్టోబరు నాటికి కాఫీ కాయ మొక్క మీదే ఉంటుంది, కోత ఇంకో నెల తర్వాత. కొత్తగా మొక్క వేస్తే కాపుకు రావడానికి నాలుగైదేళ్లు. నీడ చెట్టు పెరగడానికి ఇంకా ఎక్కువ. గిరిజన కుటుంబం ఆ ఒక్క మధ్యాహ్నం పోగొట్టుకున్నది ఒక పంట కాదు, పిల్లవాడు బడి ముగించేంత కాలపు సంపాదన.

చెట్లు తోటల్లోనే కాదు, దారుల మీదా పడ్డాయి. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా ఎక్కే ఘాట్ రోడ్డు కొండకు అంటుకొని మెలికలు తిరుగుతూ వెళ్లేది. ఒక్క మలుపులో కొండచరియ జారినా పైన ఉన్నవారంతా ఆగిపోతారు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో యాభైకి పైగా సొరంగాలు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. విశాఖ నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. ముఖ్యమంత్రి అక్కడే మకాం వేశారు, 14వ తేదీన ప్రధానమంత్రి వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సహాయం ప్రకటించారు. పత్రికల్లో నగరం ఫోటోలు నిండిపోయాయి. అది సహజం. పెద్ద నగరం, పెద్ద నష్టం. అయితే విశాఖ మన్యంలోని 11 మండలాల్లో సుమారు ఆరు లక్షల మంది ఉన్నారు. వారిలో రోడ్డు పక్కన ఉన్నవారి కష్టం రెండో రోజుకో మూడో రోజుకో తెలుస్తుంది. రోడ్డు దిగి ఏరు దాటి, రెండు గంటలు నడిస్తే గానీ చేరని గిరిశిఖర గ్రామాల సంగతి వారు కిందికి దిగివచ్చి చెప్పేదాకా తెలియదు. దిగివచ్చే శక్తి ఉన్నవారు వచ్చి చెబుతారు. దిగిరాలేనివారి మాటేమిటి?

బలహీనులు అంటే ఎవరు?

ఆపదలో 'బలహీన వర్గాలను ఆదుకోవాలి' అని మనం ఉపన్యాసాల్లో వింటూ ఉంటాం. ఆ మాట అరిగిపోయింది. కొండ మీద ఆ మాటకు అర్థం ఏమిటో ఒక్కొక్కరినీ చూస్తే తెలుస్తుంది.

నెలలు నిండిన తల్లి. మామూలు రోజుల్లోనే నొప్పులు వస్తే ఒక కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, ఆమెను అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకొని కొండ దిగుతారు. దాన్నే డోలీ అంటారు. 108 అంబులెన్స్ ఎక్కడిదాకా రాగలిగితే అక్కడిదాకా డోలీ. డోలీలోనే ప్రసవించిన తల్లుల వార్తలు, దారిలోనే కన్నుమూసిన తల్లుల వార్తలు మన్యం నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. 2018లో గిరిజన ప్రాంతాల్లో మోటార్ సైకిలుకు మంచం లాంటి తొట్టె బిగించిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి, కొంత మేలు జరిగింది. కానీ వాగు పొంగిన రోజున మోటార్ సైకిలూ దాటదు, డోలీ మోసేవారి కాళ్లూ ఆనవు.

సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లవాడు. ఈ జబ్బు మన్యం తెగలలో ఎక్కువ. చలికి, తడికి, నీళ్లు తాగకపోతే, అలసటకు ఉన్నట్టుండి ఒళ్లంతా భరించలేని నొప్పులు మొదలవుతాయి. కొందరికి రక్తం ఎక్కించవలసి వస్తుంది. తుపాను రాత్రి ఇంటి పైకప్పు ఎగిరిపోయి తడిసిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి జలుబు చేస్తుంది. రెండోవాడికి ప్రాణం మీదికి వస్తుంది. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు.

తెలుగు రాని ముసలమ్మ. అరకు చుట్టుపక్కల కొండదొరలు, భగతలు, వాల్మీకులు, కొటియాలు ఉన్నారు. ఖోండులు, పోర్జలు, గదబలు ఉన్నారు. ఈ చివరి మూడు తెగలను ప్రభుత్వమే ఆదిమ తెగలుగా గుర్తించింది. ఇళ్లలో కువి మాట్లాడేవారున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారున్నారు. సంతకు దిగే మగవారికి తెలుగు వస్తుంది. ఊరు దాటని ముసలివారికి రాదు. మైకులో 'తీవ్ర తుపాను హెచ్చరిక' అని చదివితే అది ఆమెకు చేరదు.

పట్టా లేని పోడు రైతు. గాలి ప్రాణం తీయకపోవచ్చు. ఆ తర్వాత నష్టపరిహారం జాబితా రాసేటప్పుడు పాసు పుస్తకం చూపమంటారు. పుస్తకం లేనివాడి పంట పోయినా పోనట్టే లెక్క. అప్పటినుంచి అతని కథ వేరు. అప్పు, ఆ అప్పుకింద వచ్చే ఏటి పంట, ఆపైన వలస.

వీరెవరూ స్వభావం చేత బలహీనులు కారు. చోడి అంబలి తాగి, తలమీద మోపుతో ఆ ఏటవాళ్లు ఎక్కే ఆడవారిని బలహీనులని అనడానికి మనకు సిగ్గు ఉండాలి. వారికీ సహాయానికీ మధ్య ఉన్న దూరమే వారిని బలహీనులను చేస్తుంది. ఒకరికి ఆ దూరం కొండదారి. ఒకరికి భాష. ఇంకొకరికి ఒక కాగితం.

కొండ కిందికి జారినప్పుడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు కూలిపోవడం తెలుగు పాఠకులందరికీ గుర్తుండే ఉంటుంది. అదే తుపాను వాన ఎగువన, ఒడిశాలోని గజపతి జిల్లా కొండల మీదా కురిసింది. అదంతా సవరల నేల. అక్కడ బరాఘరా అనే చిన్న ఊరి జనం కుండపోత వాన తట్టుకోలేక ఒక కొండగుహ లాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగి వారి మీద పడింది. పన్నెండు మందికి పైగా అక్కడే చనిపోయారు.

వారు చేసిన తప్పేమీ లేదు. గాలివానలో రాతి కింద నిలబడడం తాతల నాటినుంచి వస్తున్న తెలివి. ఒక్క రాత్రిలో అంత వాన పడినప్పుడు ఆ రాయే శత్రువవుతుందని వారికి చెప్పినవారు లేరు. తీరంలో లక్షలమందిని తరలించారు. కొండమీద వారిని ఎక్కడికి తరలించాలన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. తుపాను హెచ్చరికలో సముద్రం ఉంటుంది, చేపల వేట ఉంటుంది, ఓడరేవుల ప్రమాద సంకేతాల సంఖ్యలు ఉంటాయి. కొండచరియ అన్న మాట చాలాకాలం అందులో లేదు.

మన వైపూ అదే. 2024 సెప్టెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలం చట్రాపల్లిలో అర్ధరాత్రి కొండ జారి ఇళ్ల మీద పడింది. ఒక అమ్మాయి చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. ఊరికి దారి సరిగా లేదు. గాయపడ్డవారిని మోసుకుంటూ తేవలసి వచ్చింది.

ఇక్కడ మళ్లీ నమల్ సూరా గుర్తుకు వస్తుంది. నమల్ అంటే చీమ. హుద్‌హుద్ కథకు సరిగ్గా ముందు చీమ కథ ఉంది. సులైమాన్ సైన్యం వస్తూ ఉంటే ఒక చీమ తక్కిన చీమలను హెచ్చరిస్తుంది, ఇళ్లలోకి వెళ్లిపొండి, వాళ్లు తెలియకుండానే మిమ్మల్ని తొక్కేస్తారని. చీమలకు ఆ హెచ్చరిక చేసింది ఏనుగు కాదు, సింహం కాదు, తమలో ఒక చీమే. తమ భాషలో, తమ వీధిలో, ఎటు వెళ్లాలో కూడా కలిపి చెప్పింది. ఇంకొక సూక్ష్మం ఉంది. సైన్యానికి చీమలంటే ద్వేషం లేదు. తెలియకనే తొక్కుతారు. పేదవారికి జరిగే చాలా నష్టాలు ఇలా తెలియక జరిగేవే.

విపత్తు నిపుణులు నేడు చెప్పేదీ ఇదే. 2015 మార్చిలో జపాన్‌లోని సెండాయ్‌లో ప్రపంచ దేశాలు సమావేశమై 2030 దాకా అమలు చేయవలసిన ఒక ఒడంబడిక రాసుకున్నాయి. ప్రమాదంలో ఉన్న ప్రజలే ప్రణాళికలో భాగస్వాములు కావాలన్నది అందులో ముఖ్యమైన మాట. స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, ఆదివాసులు అని పేరుపెట్టి మరీ రాశారు.

దీన్ని కాగితం మీదినుంచి నేల మీదికి తెచ్చిన పొరుగు దేశం ఒకటుంది. అది బంగ్లాదేశ్. 1970 నవంబరు తుపానులో అక్కడ లక్షల్లో చనిపోయారు. 1972లో రెడ్ క్రాస్ సాయంతో తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. ఊరివారినే వాలంటీర్లుగా తీసుకొని, చేతికి మైకులు, సైరన్లు ఇచ్చారు. అయినా 1991 ఏప్రిల్ 29 రాత్రి వచ్చిన తుపానులో లక్షా ముప్పై వేలకు పైగా మరణించారు. వారిలో స్త్రీలు పురుషుల కంటే చాలా ఎక్కువ. ఎందుకని విచారిస్తే తెలిసిన సంగతులు మన కుటుంబాల్లో ఎవరికైనా వెంటనే అర్థమవుతాయి. హెచ్చరిక చెప్పింది మగవారు, బజారులో, మగవారికి. ఇంట్లో ఉన్న ఆడవారు భర్తో అన్నో వచ్చి వెళదామని చెప్పేదాకా ఆగారు. రక్షిత భవనంలో అపరిచితులైన మగవారితో ఒకే గదిలో కిక్కిరిసి నిలబడవలసి వస్తుందని, మరుగుదొడ్డి లేదని కొందరు కదల్లేదు. మేకనూ ఆవునూ వదల్లేక కొందరు ఉండిపోయారు. పిల్లల్ని చంకలో పెట్టుకొని నీటిలో నిలవలేకపోయారు.

అది తెలుసుకున్నాక వారు ఆడవారిని నిందించలేదు. పరదాను తిట్టుకుంటూ కూర్చోలేదు. రక్షిత భవనాల్లో స్త్రీలకు వేరే గదులు కట్టారు, మరుగుదొడ్లు కట్టారు, పశువులను కట్టుకోవడానికి చోటు చూశారు. ఇంటింటికీ లోపలిదాకా వెళ్లి చెప్పగల మహిళా వాలంటీర్లను తీసుకున్నారు. ఇప్పుడు ఆ దళంలో దాదాపు సగం మంది స్త్రీలే. తుపానులు తగ్గలేదు, చావులు తగ్గాయి. ఎవరు ఎందుకు రావడం లేదో అడిగి తెలుసుకున్నారు, అంతే.

మన్యంలో ఇలాంటి దళానికి పునాది ఇప్పటికే ఉంది. ప్రతి ఊరికీ ఒక ఆశా కార్యకర్త ఉంది. ఆమె ఆ ఊరి కోడలే. భాష వచ్చు. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఎవరికి ఏ నెలో, ఎవరికి సికిల్ సెల్ ఉందో, ఎవరు మంచాన ఉన్నారో ఆమెకు తెలుసు. చాలామటుకు ఆమె పుస్తకంలో రాసి ఉంటుంది. బడుల్లో కువి, ఆదివాసీ ఒడియా, సవర భాషల్లో వాచకాలు తయారుచేసిన టీచర్లు ఉన్నారు. గిరిజన సహకార సంస్థ డి.ఆర్. డిపోలు ఉన్నాయి, అక్కడ వానాకాలానికి ముందే బియ్యం నిల్వ పెట్టవచ్చు. లేనిదల్లా, వాతావరణ శాఖ వార్తకూ ఆమె పుస్తకానికీ మధ్య ఒక దారం.

అలాంటి దారం ఒకటి వేసి చూపించినవారూ ఉన్నారు. విజయనగరం జిల్లాలో (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా) సాలూరులో పార్వతీపురం ఐ.టి.డి.ఎ. వారు 2018లో గర్భిణుల వసతి గృహం తెరిచారు. దారిలేని ఊళ్ల తల్లులను నెలలు నిండకముందే కిందికి తీసుకువచ్చి, అక్కడే ఉంచి, తిండిపెట్టి, కాన్పు సమయానికి ఆస్పత్రికి చేర్చడం దాని పని. దీనికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. తేదీ తెలిస్తే చాలు. కాన్పు తేదీ చెప్పిరాదంటారు గానీ, తుపానుతో పోలిస్తే ఎంతో ముందుగా చెప్పే వస్తుంది.

ఆశ్రయం కూడా ఆపద కాకూడదు

తుపాను వేళ కొండల మీద జనం చేరగలిగేది ఆశ్రమ పాఠశాలకే, లేకుంటే పంచాయతీ భవనానికి. అక్కడ నాలుగు గోడలున్నాయి కదా అనుకొని మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ నాలుగు గోడల లోపల వందలమంది, ఒకటే మరుగుదొడ్డి, దీపం లేదు. రాత్రివేళ ఆడపిల్ల బయటికి వెళ్లాలంటే ఎవరి తోడు? తప్పిపోయిన పిల్లవాణ్ణి 'మా బంధువే' అని ఎవరో వచ్చి చేయి పట్టుకు తీసుకుపోతే అడిగేదెవరు? విపత్తుల తర్వాత పిల్లలను పనికని, పెళ్లికని దూరప్రాంతాలకు తరలించేవారు తిరుగుతారని అన్ని దేశాల అనుభవమూ చెబుతోంది.

ప్రపంచంలో సహాయ సంస్థలు 1997లో స్ఫియర్ అనే పేరుతో కనీస ప్రమాణాలు రాయడం మొదలుపెట్టాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు. తలదాచుకునే చోట మనిషికి మూడున్నర చదరపు మీటర్ల జాగా. స్త్రీలకు మరుగుదొడ్లు పురుషుల కంటే మూడు రెట్లు, వాటికి లోపలినుంచి గడియ, దారిలో దీపం. మూడున్నర చదరపు మీటర్లంటే ఎంతో మీ ఇంట్లో జానమాజు పరిచి చూడండి. మూడు నాలుగు జానమాజులు పక్కపక్కన వేస్తే వచ్చే చోటు కంటే కొంచెం ఎక్కువ. అందులో ఒక మనిషి, ఆ మనిషికి మిగిలిన సామాను, నిద్ర.

మన దేశపు చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షను సహాయ శిబిరాల్లో నీరు, తిండి, వైద్యం, పారిశుద్ధ్యం ఏ స్థాయిలో ఉండాలో ప్రమాణాలు నిర్ణయించాలని చెబుతుంది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని అందులోనే రాసి ఉంది. 61వ సెక్షను పరిహారంలోగానీ సహాయంలోగానీ స్త్రీ పురుష భేదం, కులం, వర్గం, మతం చూడరాదని నిషేధిస్తుంది. అంటే శిబిరంలో మర్యాదగా ఉండే చోటు అడగడం దానం అడగడం కాదు, హక్కు అడగడం. ఈ రెండు సెక్షన్లు కొండమీద చదువుకున్న కుర్రవాడు ఒక్కడికి తెలిసినా చాలు.

పట్టణాల్లో ఉన్న మనం ఏం చేస్తున్నాం? తుపాను వచ్చిన తర్వాతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక మసీదు గుమ్మంలో దుప్పటి పరిచి చందాలు పోగుచేయడం, ఇంటింటా బట్టలు సేకరించడం మనకు అలవాటే. మంచి అలవాటు. కానీ ఒక మాట చెప్పక తప్పదు. పాత బట్టల మూటలు విప్పి చూస్తే సగం కొండమీద పనికిరావు. ఇంటి బీరువా ఖాళీ చేసుకోవడం వేరు, ఒకరికి ఇవ్వడం వేరు. హుద్‌హుద్ అక్టోబరు మధ్యలో వచ్చింది. నెలన్నర గడిస్తే అరకులో రాత్రిపూట చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. పైకప్పు లేని ఇంటికి అప్పుడు కావలసింది టార్పాలిన్, మందపాటి దుప్పటి, ఒక టార్చి, నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దోమతెర. దోమతెర ఎందుకంటారా? మన్యంలో వాన తర్వాత మలేరియా వస్తుంది. ఆడపిల్లలకు నెలసరికి అవసరమైన గుడ్డలు. ఈ చివరిది చందా జాబితాల్లో ఎందుకో ఎవరూ రాయరు, మనలో ఆడవారు పూనుకొని రాయించాలి.

రెండో సంగతి, లారీ ఎక్కడ ఆగుతుందన్నది. సాధారణంగా రోడ్డు ఎక్కడ ఆగితే లారీ అక్కడ ఆగుతుంది. బ్యానరు కట్టి ఫోటో తీసుకుంటారు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లవారు వచ్చి తీసుకుంటారు. మరునాడు ఇంకొక సంఘం లారీ అదే మలుపులో ఆగుతుంది, అవే నాలుగు ఊళ్లు. ఆ పైన ఉన్నవారికి కబురు అందేసరికి లారీ కొండ దిగిపోయి ఉంటుంది. బయలుదేరే ముందే ఐ.టి.డి.ఎ. కార్యాలయంలోనో మండల కార్యాలయంలోనో ఇప్పటిదాకా ఎవరూ చేరని ఊరు ఏదని అడిగి, అక్కడికి మోసుకుపోయేందుకు మనుషులను కూలికి మాట్లాడుకుంటే, ఆ కూలి డబ్బు కూడా సహాయమే అవుతుంది. కూలికి వచ్చేవారూ ఆ తుపానులో పంట పోయినవారే.

మూడోది కాస్త దూరం ఆలోచించవలసినది. తుపాను తర్వాతి నెలలో దాతలు ఎక్కువ, ఆకలి తక్కువ. తర్వాతి ఆరు నెలల్లో దాతలు ఉండరు. కాఫీ కోత లేదు, మిరియాలు లేవు. దుకాణంలో ఖాతా పెరుగుతుంది. ఇంట్లో పెద్దపిల్ల బడి మానేసి తమ్ముళ్లను చూసుకుంటుంది. హుద్‌హుద్ తర్వాత తోటల పునరుద్ధరణకు ప్రభుత్వ పథకాలు వచ్చాయి, నీడ చెట్లు మళ్లీ నాటారు. ఆ చెట్లు పెరిగేదాకా ఇల్లు గడిపిన తల్లుల లెక్క ఏ పథకంలోనూ ఉండదు.

1977 నవంబరు సంగతి పక్కన పెడితే, ఇక్కడ చెప్పుకున్న తేదీలను ఒకసారి వరుసగా చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. ఒడిశా పెనుతుపాను 1999లో అదే నెలాఖరు. గులాబ్ మాత్రం కొంచెం తొందరపడి 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అరకు కొండల్లో ఏ తల్లికి అక్టోబరు రెండో వారంలో కాన్పు రావచ్చునో జూన్ నెల నాటికే ఆశా కార్యకర్త పుస్తకంలో రాసి ఉంటుంది. పేరు, ఊరు, ఎన్నో కాన్పు, దగ్గరి ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో ఎన్ని వాగులు.